‘మొద్దుల పేపరు’

ప్రశ్న: నేను గుంటూరు నుంచి రోజూ మంగళగిరి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకి వెళ్లి సోషల్ చెప్తాను. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. 8వ తరగతిలో 46 మంది ఉన్నారు. పది మంది పాఠం గడగడా చదివేస్తారు. ఇరవై మంది దాకా కూడబలుక్కుంటూ చదువుతారు. మిగిలినవాళ్లకు పేరా తెలుగు కూడా పూర్తిగా చదవడం రాదు. పిల్లల స్థాయిని బట్టి పాఠం ప్లాన్ చేసుకోవాలనీ, చరిత్రని ఇప్పటి సమస్యలతో ముడిపెట్టాలనీ ట్రైనింగ్‌లో చెప్పారు. సరేనని ఏ, బీ, సీ అని మూడు వర్క్‌షీట్లు తయారుచేసుకెళ్లాను. సీ షీటు అందుకున్న ఒక పిల్లాడు ‘నాకు మొద్దుల పేపరొచ్చిందిరా’ అన్నాడు. తరగతంతా నవ్వింది. అప్పట్నుంచీ వాడు నా పీరియడ్‌లో తలెత్తడం లేదు. ఇంకోసారి శ్రీబాగ్ ఒప్పందం (రాజధాని, హైకోర్టుల పంపకం మీద కోస్తా, సీమ నాయకుల పాత ఒప్పందం) సంగతి వచ్చినప్పుడు దాన్ని ఇప్పటి రాజధాని గొడవతో కలిపి చెప్పబోతే, ఒక పిల్ల తండ్రి వచ్చి హెచ్‌ఎం గారి ముందు కేకలేశారు. ఇవన్నీ మానేసి నోట్స్ చెప్పి రాయించేస్తే పోలా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక సోషల్ టీచర్, గుంటూరు

సమాధానం: అమ్మా, ఆ పిల్లాడి మాట మీకు గుచ్చుకుంది గానీ, మీ వర్క్‌షీట్ల గురించి అంత సూటిగా చెప్పేవాళ్లు మీకు ఏ ట్రైనింగ్‌లోనూ దొరకరు. చేతిలో కాగితం పడగానే, టీచరు తనని ఏ లెక్కలో వేసిందో పిల్లలకు తెలిసిపోతుంది. ఏ, బీ, సీ తీసేసి మల్లె, గులాబీ, చామంతి అని పేర్లు పెట్టినా అంతే. చామంతి అంటే సీ అని రెండో రోజుకే కనిపెట్టేస్తారు. నా మొదటి స్కూల్లో నేనూ ఇలాంటి పనే చేశాను. చదువు రాని పిల్లల మీద శ్రద్ధ పెడదామని అందర్నీ కిటికీ పక్క వరసలో కూర్చోబెట్టాను. ఏడాది తిరక్కుండానే ‘కిటికీ వరస’ అనే మాట ఆ బడిలో తిట్టయి కూర్చుంది. నేను బదిలీ అయి వెళ్లిపోయాక కూడా ఆ తిట్టు అక్కడే ఉందట.

మీ షీట్లు నేను చూడలేదు. అయినా సీ షీట్లో ఏముందో ఊహించగలను. ఖాళీలు పూరించండి, జతపరచండి, ఏ సంవత్సరంలో జరిగింది. ఏ షీట్లోనేమో ‘ఎందుకు జరిగింది?’, ‘మీరైతే ఏం చేసేవారు?’ అవునా? అంటే చదవడం వచ్చినవాళ్లకు ఆలోచించే పని, చదవడం రానివాళ్లకు గళ్లు నింపే పని. మంగళగిరిలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లాడికి ‘పన్ను’ అనే మాట కూడబలుక్కుని చదవడం కష్టం కావచ్చు. కానీ నూలు ధర పెరిగితే చీర మీద ఎంత మిగులుతుందో, ఆ నెల ఇంట్లో ఏది మానుకోవాలో వాడికి మీకన్నా నాకన్నా బాగా తెలుసు. వాడి ముందు ఖాళీలు పెట్టాం మనం. మొద్దుల పేపరు అనక ఏమంటాడు?

ఈ వ్యవహారంలో నాకు అర్థమైంది ఒక్కటే. చదివే బరువు పిల్లాణ్ని బట్టి తగ్గించవచ్చు, ఆలోచించే బరువు మాత్రం తగ్గించకూడదు. తరగతి మొత్తానికి ప్రశ్న ఒకటే ఉండాలి. ఆ ప్రశ్న దగ్గరికి ఒకరు లెక్కతో వస్తారు, ఒకరు పటంతో వస్తారు, ఒకరు పాత పత్రిక పట్టుకుని వస్తారు. ట్రైనింగుల్లో కంటెంటు (ఏం నేర్పాలి), ప్రాసెస్ (ఎలా నేర్చుకోవాలి), ప్రోడక్ట్ (నేర్చుకున్నది ఎలా చూపించాలి) అని బోర్డు మీద మూడు డబ్బాలు గీసి చెప్పేది కూడా దీని గురించే. ఆ డబ్బాలు పక్కన పెట్టి, మీ 8వ తరగతికి నేనైతే ఏ పాఠంతో మొదలుపెడతానో చెప్తాను.

సహాయ నిరాకరణోద్యమం పాఠం ఎలాగూ చెప్తారు. అందులోకి చీరాల–పేరాల ఉద్యమాన్ని తీసుకురండి. మీ ఊరి పిల్లలకు దీన్ని మించిన పాఠం లేదని నా నమ్మకం. కారణం చెప్తాను. చీరాల నేతపనివాళ్ల ఊరు, మంగళగిరీ నేతపనివాళ్ల ఊరే. చీరాల అప్పట్లో మన గుంటూరు జిల్లాలోనే ఉండేది. 1970లో ప్రకాశం జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసింది. మీ ప్రాంతంలో 2021లో జరిగిందేమిటి? మంగళగిరి, తాడేపల్లి మునిసిపాలిటీలనీ చుట్టుపక్కల పంచాయతీలనీ కలిపి కార్పొరేషన్ చేశారు. మీ తరగతిలో కొందరు పిల్లలు పుట్టేనాటికి వాళ్ల ఊరు పంచాయతీ, ఇప్పుడు కార్పొరేషన్. ముడి మీరు వేయక్కర్లేదు, అది వాళ్ల ఇళ్ల ముందే ఉంది.

కథ మీకు తెలిసిందే అయినా, తరగతిలో చెప్పే కొలతలో చెప్తాను. చీరాల, పేరాల అంతకుముందు యూనియన్‌గా, అంటే మునిసిపాలిటీ కన్నా చిన్న స్థానిక సంస్థగా, ఉండేవి. ఏడాదికి 4,000 రూపాయల పన్నుతో నడిచిపోయేది, మునిసిపాలిటీ అయితే అది 40,000 అవుతుందని జనం గగ్గోలు పెట్టారు. ఊళ్లో ఉన్నది సుమారు 15,000 మంది, ఎక్కువమంది చేతిపనుల మీద బతికేవాళ్లు. మాకు మునిసిపాలిటీ వద్దు, పన్ను కట్టం అన్నారు. కొందరు జైలుకు పోయారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముందుండి నడిపించారు. 1921 మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. అవి అయ్యాక గాంధీజీ చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా, దెబ్బకు దెబ్బ తీయకుండా నిలబడాలంటే ఊరే వదిలిపోవడం ఒక దారి అని చెప్పారు. ఆ నెలాఖరుకి ఊళ్లో చాలామంది ఇళ్లకు తాళాలేసి, మునిసిపాలిటీ హద్దు దాటి, పాకలు వేసుకుని కాపురం పెట్టారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండ, వాన, చలి అన్నీ అక్కడే. 11 నెలలు గడిచాయి. మధ్యలో గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టారు, చేతిలో డబ్బు ఆడలేదు. చివరికి జనం తిరిగి ఇళ్లకు వచ్చేశారు. మునిసిపాలిటీ ఉండిపోయింది.

(చిన్న మాట. దుగ్గిరాల అనగానే మీ పిల్లలు పసుపు యార్డున్న దుగ్గిరాల అనుకుంటారు. అది ఆయన ఇంటిపేరు. ఆయన పుట్టింది అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో. నేను ఈ సంగతి చెప్పడం మర్చిపోయిన ఏడాది సగం తరగతి పరీక్షలో ‘దుగ్గిరాల ప్రజలు పన్ను కట్టలేదు’ అని రాసింది.)

ఇప్పుడు ప్రశ్న. ‘ఊరు మునిసిపాలిటీ అయితే ఎవరికి లాభం, ఎవరి మీద బరువు?’ బోర్డు మీద ఒక పక్కన రాసి మూడు పీరియడ్లూ చెరపకండి. మొదటి పీరియడ్లో పుస్తకం తెరవకముందే ఒక ఇంటి పన్ను రసీదు చేతులు మారనివ్వండి. ఇదేమిటి, ఎవరు ఎవరికి కట్టారు, ఎందుకు కట్టాలి, కట్టకపోతే ఏమవుతుంది అని వాళ్లనే అడగనివ్వండి. చదవడం రానివాడు కూడా రసీదు మీద అంకె చదవగలడు. ఆ పది నిమిషాల తర్వాత చీరాల కథ చెప్పండి. చదివించకండి, చెప్పండి. చెప్పే కథకి ఏ, బీ, సీ లుండవు.

రెండో పీరియడ్లో తరగతిని పనుల వారీగా విడదీయండి, మార్కుల వారీగా వద్దు. ఒక జట్టుకి లెక్క పని. కాగితం మీద మూడే అంకెలు ఉంటాయి: 4,000, 40,000, 15,000. రూపాయికి పదహారణాలని చెప్పి, తలకెంత పడిందో తేల్చమనండి. మొదటిది నాలుగణాల పైచిలుకు వస్తుంది, రెండోది రెండు రూపాయల పదణాలు దాటుతుంది. లెక్క అయ్యాక అసలు ప్రశ్న అడగండి: ‘అందరూ సమానంగా కట్టి ఉంటారా? మేడ ఉన్న వ్యాపారికీ, ఒక్క మగ్గం ఉన్న ఇంటికీ ఈ బరువు ఒకటేనా?’ ఇక్కడ మీ తలెత్తని పిల్లాణ్ని కూర్చోబెట్టండి. ఇందులో చదవాల్సింది రెండు వాక్యాలే. అలాగని ఇది ఖాళీలు నింపే పని కాదు, మనం పెద్దవాళ్లం కూడా తడుముకునే పని.

ఇంకో జట్టుకి పటం. ఒక చార్టు మీద చీరాల, రైలు పట్టాలు, ఊరి హద్దు, హద్దు అవతల రామనగర్. పక్కనే ఇంకో చార్టు మీద వాళ్ల ఊరు: పాత పంచాయతీ ఆఫీసు ఎక్కడ, చెత్త బండి ఎక్కడిదాకా వస్తుంది, మురుగు కాలవ ఎక్కడ ఆగిపోతుంది, వీధి దీపం ఏ మలుపు తర్వాత లేదు. ఊళ్లో సైకిలేసుకుని తిరిగే పిల్లలకు ఇది అరగంట పని. బాగా చదివే పిల్లలకు ఇది రాదు, చూస్తారుగా. వాళ్లు ఆటోలో బడికొచ్చి ఆటోలో ఇంటికి పోతారు.

మూడో జట్టుకి రెండు గొంతులు. మునిసిపాలిటీ కావాలనే అధికారి ఒకడు, వద్దనే నేతపనివాడు ఒకడు. అధికారి మాటల్లో కూడా బలం ఉండాలి సుమండీ. మంచినీళ్లు, మురుగు కాలవలు, దీపాలు, రోగాలు రాకుండా శుభ్రత, ఇవన్నీ డబ్బు లేకుండా ఎలా వస్తాయని అతను అడగాలి. ఆ అధికారిని దుర్మార్గుడిగా ఆడిస్తే పాఠం అక్కడితో అయిపోయినట్టే, పిల్లలు ఆలోచించేందుకు ఏమీ మిగలదు. ఈ సంభాషణలు మీరే రాసివ్వాలి. రాసినప్పుడు కాగితం పైన ‘ఇది టీచరు రాసింది, ఆనాటి ఆధారం కాదు’ అని ఒక ముక్క తప్పకుండా పెట్టండి. ఊహించి రాసినదానికీ, ఆనాడు నిజంగా అన్నదానికీ తేడా ఉందని 8వ తరగతిలో తెలియకపోతే, తర్వాత ఫోన్లో వచ్చే ప్రతి ఫార్వర్డునీ నమ్ముతారు.

నాలుగో జట్టుకి ఆధారం. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల పాత సంచికలు స్కాన్ చేసినవి ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. 1921 సంచిక ఒకటి తీసి ఒక చిన్న పేరా ప్రింటు తీసుకెళ్లండి. ఆ భాష వేరు, అరసున్నలుంటాయి, వాక్యం ఓ పట్టాన అవ్వదు. గడగడా చదివేస్తామనుకునే మీ పదిమంది మొదటిసారి కూడబలుక్కుంటారు. అది చూసి మిగతా పిల్లలకు కలిగే ఆనందం సామాన్యంగా ఉండదు. వాళ్లకూ మేలే. చదవడం కష్టంగా ఉండడమంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది.

ఇక అసలు కిటుకు మూడో పీరియడ్‌ది. బోర్డు మీది ప్రశ్నకి జవాబు ఏ ఒక్క జట్టు దగ్గరా పూర్తిగా ఉండకూడదు. తలకెంత పడిందో లెక్కవాళ్లు చెప్పకపోతే గొంతులవాళ్ల వాదన తేలిపోతుంది. ఊళ్లో ఏ సౌకర్యం ఎక్కడిదాకా వచ్చిందో పటంవాళ్లు చూపించకపోతే ‘లాభం ఎవరికి’ అన్నది గాల్లో మాట. మీ సీ షీటు తరగతిలో ఎవరికీ అక్కర్లేని కాగితం, అదీ దానిలోని లోపం. ఆ పిల్లాడు దాన్ని చింపి పడేసినా పాఠం ఆగదు. ఈసారి వాడి కాగితం లేకపోతే పాఠం ఆగిపోవాలి. తర్వాతి పాఠానికి జట్లు మార్చండి. లెక్కవాడు పటం దగ్గరికి, పటంవాడు గొంతుల దగ్గరికి. ఏడాది పొడుగునా ఒకే పిల్లాడు లెక్క దగ్గరే ఉంటే అదీ కిటికీ వరసే అవుతుంది.

చదవడం రాని పిల్లలకి రాసిచ్చే ముక్కల గురించి ఒక మాట. వాక్యం చిన్నదైతే చాలదు, ఒత్తులు, పొడుగు మాటలు కూడా చూసుకోండి. ‘మునిసిపాలిటీ’, ‘సహాయ నిరాకరణ’ లాంటివి బోర్డు మీద పెద్దగా రాసి, అందరిచేతా రెండుసార్లు పలికించి, కాగితంలో మళ్లీ వాడకండి. ‘ఊరి జనం పాకలు వేశారు. ఎండలో, వానలో ఉన్నారు. ఇళ్లకు రాలేదు.’ ఇలా మూడు వాక్యాలు చాలు. కింద ప్రశ్న మాత్రం పెద్దదే ఉండాలి: ‘పన్ను కట్టడం తేలికా, ఊరు వదలడం తేలికా? మరి వీళ్లు ఊరెందుకు వదిలారు?’ జవాబు నోటితో చెప్పనివ్వండి, పక్కవాడు రాసిపెడతాడు. నోటితో చెప్పినదానికీ మార్కు వేయండి.

తొందరగా ముగించేసే పిల్లలకు ఇంకో షీటు ఇవ్వకండి. బాగా చేస్తే ఇంకా పని పడుతుందని వాళ్లు త్వరగా గ్రహిస్తారు, తర్వాత నెమ్మదిగా చేస్తారు. వెనకబడ్డవాళ్లకి చెప్పమని కూడా రోజూ అప్పగించకండి, వాళ్లు మీ జీతం లేని అసిస్టెంట్లు కారు. వాళ్లకి చిక్కు ఇవ్వండి. ‘చీరాల వాళ్లు ఓడిపోయారు కదా, మరి ఈ పాఠం ఎందుకు చెప్పుకుంటున్నాం?’ అని అడగండి. 4,000, 40,000 అనే లెక్క ఉద్యమకారుల వైపు నుంచి వచ్చింది, ప్రభుత్వం వైపు కాగితాలు చూస్తే ఇంకేం కనిపించవచ్చు అని అడగండి. లేదా పెదనందిపాడుతో పోల్చమనండి. అదీ గుంటూరు జిల్లాయే, 1922 మొదట్లో. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు భూమిశిస్తు కట్టం అన్నారు. ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీస్ స్టేషను తగలబెట్టారు, గాంధీజీ దేశమంతటా ఉద్యమం ఆపేశారు. ఊళ్లో నేతపనివాడు ఇంటి పన్ను ఎగ్గొట్టడానికీ, పల్లెలో రైతు శిస్తు ఎగ్గొట్టడానికీ ప్రభుత్వానికి కలిగే నొప్పిలో తేడా ఏమిటి? ఈ ఒక్క ప్రశ్న మీ పదిమందినీ వారం రోజులు కూర్చోబెడుతుంది.

ఇక ఇప్పటి సంగతులతో ముడిపెట్టడం. ఇక్కడ మనందరం చేసే తప్పొకటుంది. ‘చూశారా పిల్లలూ, అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే’ అంటాం. అంతే అయితే చరిత్ర చదవడం దేనికి? పోలిక చూపించిన వెంటనే తేడా వెతికించండి. 1921లో మునిసిపాలిటీకి ఓటు అందరికీ లేదు. ఇవాళ పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషికీ ఉంది. ఆనాడు జనం ముందున్నవి పన్ను, జైలు, వలస. ఇవాళ పన్ను ఎక్కువ పడిందనుకుంటే అప్పీలు చేసుకోవచ్చు, సమాచార హక్కు కింద లెక్కలు అడగవచ్చు, కోర్టుకి పోవచ్చు. మన రాష్ట్రంలో 2021 నుంచి పట్టణాల్లో ఇంటి పన్నుని అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద కడుతున్నారు. రసీదు చూపిస్తే ఈ మాట ఎవరో ఒక పిల్ల ఇంటి నుంచి తెస్తుంది, మీరు సిద్ధంగా ఉండండి. అప్పుడు లేనిది ఇంకొకటి ఇప్పుడుంది. పంచాయతీ కార్పొరేషన్‌లో కలిస్తే ఉపాధి హామీ పని పోతుంది, అది పల్లెలకే ఇచ్చింది కాబట్టి. మీ తరగతిలో ఏ పిల్ల తల్లో ఆ పనికి వెళ్లే ఉంటుంది. ‘బరువు ఎవరి మీద’ అన్న ప్రశ్నకి ఆ పిల్ల చెప్పే జవాబు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. అలాగే కార్పొరేషన్ అయ్యాక మా వీధికి రోడ్డొచ్చింది అనే పిల్లా ఉంటుంది. ఇద్దరి మాటా బోర్డు మీదికి రావాలి.

ఆ తండ్రిగారి కేకల సంగతి. మీరు అడగలేదు గానీ చెప్తున్నాను, ఆయన పూర్తిగా తప్పని నేననను. శ్రీబాగ్ ఒప్పందం మంచి పాఠమే. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కూర్చుని కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న మాట. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలుకి రాజధాని, గుంటూరుకి హైకోర్టు రావడం వెనక ఆ ఒప్పందం ఉంది. కానీ మీ బడి ఎక్కడుంది? రాజధాని కోసం పొలాలిచ్చిన ఊళ్ల పక్కనే. ఒక పిల్ల ఇంట్లో అది ఆశ, ఇంకో పిల్ల ఇంట్లో అప్పు, మరో ఇంట్లో అన్నదమ్ముల మధ్య మాటల్లేకుండా చేసిన గొడవ. పచ్చిపుండు మీద పాఠం మొదలుపెట్టకూడదు. ముందు చీరాల లాంటి పాఠాలు రెండు మూడు చెప్పండి. ఆధారం చూపించి మాట్లాడటం, అవతలివాడి మాట చివరిదాకా వినడం పిల్లలకు అలవాటు కావాలి. ఆ తర్వాత, బహుశా పై తరగతిలో, ఒప్పందం మాటల్ని ఉన్నదున్నట్టు ముందు పెట్టి ‘ఇందులో ఎవరు దేనికి భయపడ్డారు?’ అని అడగండి. ‘మీ నాన్న ఏమంటారు?’ అని ఎప్పుడూ అడగకండి, పిల్లల్ని ఇంటికి వేగుల్లా వాడుకున్నట్టవుతుంది. పిల్లలు తిరిగి ‘మరి మీరేమంటారు టీచర్?’ అని తప్పకుండా అడుగుతారు. నేనైతే ‘నాకూ ఒక అభిప్రాయం ఉంది, అది ఓటేసేచోట చెప్తాను, ఇక్కడ మీ ఆధారాలు చూపించండి’ అనేవాణ్ని. అది తప్పించుకోవడమే అని మా సహోద్యోగి ఒకాయన పోట్లాడేవాడు. కావచ్చు. మన పెన్నులో వాళ్ల మార్కులున్నంత కాలం మన అభిప్రాయానికి అక్కర్లేని బరువుంటుందని నేననేవాణ్ని. ఆ మాట మా ఇద్దరి మధ్యా తెగలేదు.

మీ ఊరికి దగ్గర్లోనే ఇంకో పాఠం ఉంది. నేను బెజవాడ సత్యనారాయణపురంలో ఉంటాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడ్డ రోజు ఇక్కడే ఉన్నాను. ఆ తర్వాత మా ఇంటికి చదువుకోడానికొచ్చే పిల్లలు ముగ్గుర్ని, ఒకే వీధి వాళ్లని, ‘మీ గుమ్మంలోకి నీళ్లు ఎన్నింటికొచ్చాయిరా?’ అని అడిగాను. ముగ్గురూ మూడు టైములు చెప్పారు. ముగ్గురూ ఒట్టేశారు. ఒకడు మేడ మీద పడుకున్నాడు, ఒకడి ఇల్లు పల్లంలో ఉంది, ఒకత్తి వాళ్లమ్మ చెప్పింది విని చెప్తోంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ‘ఇక చౌరీచౌరాలో ఏం జరిగిందో నలుగురు నాలుగు రకాలుగా రాశారంటే ఆశ్చర్యమేముంది?’ అన్నాను. ఆధారాల్ని పోల్చి చూడటం గురించి ముప్ఫయ్యేళ్లలో నేను చెప్పిన పాఠాలన్నిటికన్నా అది బాగా ఎక్కింది. ఆ దారిలో వెనక్కి నడిపిస్తే 1850లలో కట్టిన కృష్ణా ఆనకట్ట, అది 1952లో తెగిపోవడం, 1957లో ప్రకాశం బ్యారేజీ, మళ్లీ 2024లో దాని మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం, ఇవన్నీ ఒక వరసలోకి వస్తాయి. నదికి కట్ట వేస్తే ఎవరికి పంట, ఎవరికి ముంపు అన్నది ప్రశ్న. ఒకటే జాగ్రత్త. ఆ వరదలో బాగా నష్టపోయిన ఇంటి పిల్లలు ఉంటే ముందే విడిగా కనుక్కోండి. చెప్పాలనుకున్నవాళ్లే చెప్పాలి.

ఇదంతా ప్రతి పాఠానికీ చేయమని నేననడం లేదు. చేస్తే సిలబస్ డిసెంబరుకి సగం కూడా అవదు, మీకు జ్వరం వస్తుంది. ఏడాదికి నాలుగు పాఠాలు ఎంచుకోండి. మిగిలినవి మామూలుగా చెప్పండి, నోట్స్ కూడా రాయించండి, తప్పేం లేదు. ఒక పాఠానికి సరంజామా తయారుకావడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం పోతుంది, మరుసటి ఏడాదికి అది ఉంటుంది కదా. పక్క బడిలో సోషల్ చెప్పేవాళ్లతో మాట్లాడుకుని చెరి రెండూ చేసుకుంటే ఇంకా సులువు. హెచ్‌ఎం గారికి పాఠానికి ముందే ప్లాన్ చూపించండి, రసీదు సంగతితో సహా. పరీక్ష మాటంటారా, మూడో పీరియడ్ చివర బోర్డు మీద జమ అయినదాన్ని అందరిచేతా వరసలో పెట్టిస్తే అదే ఎనిమిది మార్కుల జవాబు. చదవడం రాని పిల్లలు దాన్ని చూసి రాసుకుంటారు. వాళ్లు చెప్పిన మాటలే అందులో ఉన్నాయి కాబట్టి కొంతైనా గుర్తుంటుంది.

ఆ పిల్లాడితో విడిగా మాట్లాడి క్షమించమని అడగాలా అని మీ ఉత్తరంలో లేకపోయినా మీ మనసులో ఉన్నట్టుంది. పిలిచి కూర్చోబెట్టి మాట్లాడితే వాడు ఇంకా ముడుచుకుపోతాడు. లెక్క కాగితం వాడి చేతికిచ్చేటప్పుడు ‘ఇది తేల్చకపోతే మిగతావాళ్ల పని సాగదు, త్వరగా చూడు’ అని అందరూ వినేలా మామూలుగా అనండి, చాలు. మొదటిరోజు తలెత్తకపోవచ్చు.

రసీదు మాత్రం మీ ఇంటిదే పట్టుకెళ్లండి, ఏ పిల్ల ఇంటి నుంచీ తెప్పించకండి. పేరు, ఇంటి నంబరు, అసెస్‌మెంట్ నంబరు నల్ల స్కెచ్‌తో కొట్టేశాక జిరాక్స్ తీయించండి. ఒరిజినల్ ఇంట్లోనే ఉంచండి. 46 మంది చేతులు మారాక ఏ కాగితమూ ఒకలా తిరిగి రాదు.